జవాబు రాని ఆ పది నిమిషాలు

ప్రశ్న: నా వయసు 22. రెండేళ్లుగా ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నాను. తను ఎక్కడున్నా నాకు తెలిసేలా ఫోనులో లొకేషన్ పెట్టించాను. సందేశం చూసి కూడా జవాబివ్వకపోతే వరసగా ఫోన్లు చేస్తాను. పోయిన వారం పాస్‌వర్డ్ అడిగితే, ‘నీతో ఉంటే ఊపిరాడటం లేదు’ అంది. నేను ఏనాడూ తన మీద చేయి చేసుకోలేదు. ఇంతగా ప్రేమించడం తప్పా?

జవాబు: ఆమె అన్న మాటను దాచకుండా రాశారు. అది మీకు గుచ్చుకుంది కాబట్టే రాశారు, అందుకు నాకు సంతోషంగా ఉంది. ఆమె కూడా ఆ మాట మీ ఎదుటే అనగలిగింది. భయం ముదిరిన చోట ఆ మాట పైకి రాదు, దాని బదులు చిన్న చిన్న అబద్ధాలు మొదలవుతాయి.

ప్రేమించడం తప్పు కాదు. కానీ మీరు రాసినవాటిలో ప్రేమ కన్నా కాపలా ఎక్కువగా కనిపిస్తోంది.

‘చేయి చేసుకోలేదు’ అన్నారు కదా. 1984లో అమెరికాలోని డులూత్‌లో, భాగస్వాముల చేతుల్లో నలిగిన స్త్రీల అనుభవాలు విని ఒక చక్రం బొమ్మ గీశారు. అందులో శారీరక, లైంగిక హింస బయటి అంచున ఉంటుంది. లోపలి ఎనిమిది ఆకుల్లో ఉన్నవి వేరు: బెదిరించడం, కించపరచడం, ఎవరితో మాట్లాడాలో ఎక్కడికి వెళ్లాలో తామే నిర్ణయించి నలుగురికీ దూరం చేయడం లాంటివి. మిమ్మల్ని ఆ వరసలో నిలబెట్టాలని ఇది చెప్పడం లేదు. చెయ్యెత్తకుండానే ఒక మనిషిని బిక్కుబిక్కుమంటూ బతికేలా చేయవచ్చు, అది మీరు గమనించాలి.

ఇప్పుడు ఫోను దగ్గరికి వద్దాం. సందేశం చూసినట్టు నీలి గుర్తులు పడ్డాయి, పది నిమిషాలైనా జవాబు లేదు. మీ గుండె దడదడలాడుతుంది. ఆమె బస్సెక్కుతూ ఉండవచ్చు, తల్లితో మాట్లాడుతూ ఉండవచ్చు, ఏమీ చేయకుండా ఊరికే కూర్చుని ఉండవచ్చు. ఊరికే కూర్చునే హక్కూ ఆమెకుంది. చివరికి జవాబొస్తే మీ గుబులు తగ్గుతుంది, అయితే కాసేపే. మళ్లీ వచ్చినప్పుడు దానికి ఇంకాస్త పెద్ద ఆధారం కావాలి. మొదట జవాబు, తర్వాత లొకేషన్, ఇప్పుడు పాస్‌వర్డ్. రేపు పాస్‌వర్డ్ ఇచ్చినా మీ మనసు కుదుటపడదు.

లొకేషన్ తీసేయమని ఈరోజు మీరే చెప్పండి. పాస్‌వర్డ్ అడిగినందుకు క్షమాపణ అడగండి, ‘కానీ’ అనే మాట కలపకుండా. గుబులు పుట్టినప్పుడు ఫోను పక్క గదిలో పెట్టి అరగంట నడిచి రండి. తర్వాత, ‘నాకు భయమేసింది’ అని మీ సంగతి చెప్పుకోవచ్చు, ‘ఎవరితో ఉన్నావు?’ అని నిలదీయకూడదు. ఈ భయం నిద్ర చెడగొట్టేంతగా ఉంటే సైకాలజిస్టును కలవండి. ఆమెను కలవడానికి ముందు నుంచే మీలో ఉన్న భయమేమో అది.

ఆమె విడిపోదామంటే? అది విన్నప్పుడు మీకు చాలా బాధగా ఉంటుంది. అయినా సరే, చచ్చిపోతాననడం, స్నేహితులతో రాయబారాలు పంపడం, దారి కాయడం వద్దు. నిజంగానే బతకాలని లేదనిపిస్తే ఆలస్యం చేయకుండా ఇంట్లో వాళ్లకు గానీ డాక్టరుకు గానీ చెప్పండి.

విడిపోదామనే మాట ఇంకా రాలేదు. ఈసారి కలిసినప్పుడు, ఊపిరాడనిది ఎక్కడెక్కడో చెప్పమని ఆమెను అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.