పోబోయే గొంతును దాచుకోవడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలకు జవాబులిస్తున్నాం.

*

ప్రశ్న: మా నాన్నకి 61 ఏళ్లు. పట్టు మగ్గం నేస్తారు. గొంతు క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని, మూడు వారాల్లో ఆపరేషన్ అని చెప్పారు. నాన్న గొంతును ఏఐతో కాపాడుకోవచ్చని మా మరిది అంటున్నాడు. నిజమేనా? ఏం చెయ్యాలి?
– ఒక కూతురు, బ్రహ్మపురం, గంజాం జిల్లా

జవాబు: నిజమేనమ్మా. మూడు వారాలు సరిపోతాయి, కానీ రేపటికి వాయిదా వెయ్యకండి. అన్నిటికంటే ముందు మీ నాన్నగారిని అడగండి. ఆ గొంతు వినాలని ఇంటిల్లిపాదికీ ఉంటుంది. ఫోను తన గొంతుతో మాట్లాడటం మాత్రం ఆయనకు నచ్చకపోవచ్చు. వద్దంటే అక్కడితో ఆపెయ్యండి. "ఇప్పుడు రికార్డు చేసి ఉంచండి, వాడాలో లేదో తర్వాత చెబుతా" అన్నా మంచిదే.

పనులు రెండు. మొదటిది ఆయన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రికార్డు చేసి దాచడం. దీనికి ఏఐతో పని లేదు, ఏ భాషకైనా కుదురుతుంది, వమ్ము కాదు. రెండోది ఆ రికార్డింగుల నుంచి కృత్రిమ గొంతు తయారు చేయించడం. మొదటిది సరిగా జరిగితే రెండోది ఎప్పుడైనా చేయించుకోవచ్చు. మొదటిది పాడైతే రెండోదానికి ఆధారమే ఉండదు.

గది చిన్నదై, గుడ్డలు ఎక్కువ ఉన్నదైతే మేలు. గోడకు రెండు బొంతలు వేలాడదీయండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. మగ్గం చప్పుడు వినపడని వేళ చూసుకోండి. ఫోనును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే "ప", "భ" పలికినప్పుడు గాలి తగిలి టప్‌మని కొడుతుంది. రికార్డర్ యాప్‌లో వేవ్ ఫార్మాట్, 44.1 కిలోహెర్ట్‌జ్, మోనో ఎంచుకోండి. గంటకు సుమారు 320 ఎంబీ అవుతుంది. "శబ్దం తగ్గించు" అనే సదుపాయం ఉంటే ఆపెయ్యండి, అది రొదతోపాటు గొంతులోని జీరనూ తుడిచేస్తుంది. ఆ జీర ఉంటేనే అది మీ నాన్నగారి గొంతు.

ఒక్కో విడత 20 నిమిషాలకు మించొద్దు. గొంతు బాగున్న పూట చూసుకుని, మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లిస్తూ చెయ్యండి. ఇప్పటికే బొంగురుపోయినా ఫరవాలేదు.

ఏం చెప్పించాలి? చాలామంది పేపరు చేతికిచ్చి చదవమంటారు. తప్పు అక్కడే జరుగుతుంది. చదివే గొంతు వేరు, మాట్లాడే గొంతు వేరు. చదివిన నమూనాతో తయారైన కృత్రిమ గొంతు అన్నం పెట్టమని అడిగినా వార్తలు చదువుతున్నట్టే ఉంటుంది. అందుకని ఆయనకు తెలిసిన పని గురించి అడగండి. పడుగు ఎలా తోడతారు, పోగు తెగితే ఎలా ముడేస్తారు, అంచుకు రంగు ఎలా ఎంచుతారు. చెప్పుకుంటూ పోనివ్వండి. ఆ తర్వాత రోజూ అవసరమయ్యే మాటలు: ఇంట్లో అందరి పేర్లు పిలవడం, "నీళ్లియ్యి", "ఇక్కడ నొప్పి", "నన్ను కొంచెం లేపు", "తిన్నావా?", "వద్దు", దీవెన, కోపం, నవ్వు. ఆటోవాడితో, డాక్టరుతో ఒడియాలో అనే మాటలు కూడా. మాటకు ముందూ వెనకా ఒక సెకను మౌనం ఉంచండి, కత్తిరించడం సులువవుతుంది. ఫైళ్లకు నంబర్లిచ్చి, ఏ నంబరు ఏ మాటో నోటుబుక్కులో రాసుకోండి. కాపీలు మూడుచోట్ల పెట్టండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దం కుదించుకుపోతుంది, పంపాల్సివస్తే డాక్యుమెంటుగా పంపండి.

ఇక రెండో పని. కొద్ది సెకన్ల నమూనా విని గొంతును అనుకరించే మోడళ్లు మన భాషలకూ వచ్చాయి. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం విడుదల చేసిన ఇండిక్‌ఎఫ్5 తెలుగు, ఒడియా రెండూ పలుకుతుంది. నడపడానికి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు, ఆ పని తెలిసిన మనిషి కావాలి. నమూనా ఏ ధోరణిలో ఉంటే అన్ని మాటలూ ఆ ధోరణిలోనే వస్తాయి కాబట్టి మామూలుగా మాట్లాడిన ముక్క ఒకటి, ముద్దుగా మాట్లాడినది ఒకటి వేరువేరుగా ఇవ్వండి. ఉచితమని చెప్పే ఊరూపేరూ లేని సైట్లకు మాత్రం ఆయన గొంతును ఎక్కించకండి.

రికార్డింగుల్లో ఒకదానిలో ఆయన చేతనే చెప్పించండి: ఈ గొంతు ఎవరు వాడొచ్చు, దేనికి, తన తదనంతరం ఉంచాలా చెరిపెయ్యాలా. దాన్నే కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. పది మాటలైనా సరే, ఆయన నోటితో ఇప్పుడు చెబితే రేపు అన్నదమ్ముల మధ్య తగువు రాదు.

ఒక మాట మరవొద్దు. ఆపరేషన్ తర్వాత మాట్లాడటానికి వేరే మార్గాలూ ఉన్నాయి. మెడకు ఆనించే ఎలక్ట్రోలారింక్స్ అనే పరికరం ఉంది, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య అమర్చే చిన్న వాల్వు ఉంది, అన్నవాహికతో పలికే సాధన ఉంది. స్పీచ్ థెరపిస్టును ఆపరేషన్‌కు ముందే కలవండి. ఫోను గొంతు వీటికి తోడు మాత్రమే.

*

ప్రశ్న: బెంగళూరులో ఉన్న మా మనవడి గొంతుతో ఫోను వచ్చింది. యాక్సిడెంటు అయింది, వెంటనే 40 వేలు పంపమని ఏడ్చాడు. పంపబోతుంటే అసలు మనవడే ఫోను చేశాడు. గొంతు అచ్చం వాడిదే. ఇలాంటివి ఎలా కనిపెట్టాలి?
– బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా

జవాబు: చెవితో కనిపెట్టాలని చూడకండి, ఇప్పుడది కుదరదు. ఫోను పెట్టేసి, మీ దగ్గరున్న నంబరుకు మీరే చెయ్యండి. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. పాత ఆవు పేరో, చిన్నప్పటి ముద్దుపేరో అయినా చాలు. ఫేస్‌బుక్‌లో ఉన్నదేదీ పనికిరాదు. డబ్బు పోతే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోను చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

*

ప్రశ్న: మాది సిరొంచ తాలూకా. నాకు మరాఠీ మాట వస్తది గని చదువరాదు. మా నాయన పేర ఉన్న సాత్‌బారా (భూమి కాగితం) ఫోటో తీసి ఏఐకి పెడితే "1.20 ఎకరాలు" అని తెలుగుల చెప్పింది. నాయనేమో మూడెకరాలంటడు. ఎవలది నిజం?
– గడ్చిరోలి జిల్లా

జవాబు: కాగితం మీద 1.20.00 అని ఉంటే మీ నాయనదే నిజం. సాత్‌బారాలో విస్తీర్ణం హెక్టారు, ఆర్, చదరపు మీటర్లలో రాస్తారు. అంటే అది 1 హెక్టారు 20 ఆర్. హెక్టారుకు 2.471 ఎకరాలు కాబట్టి 2.965 ఎకరాలు, మన లెక్కన 2 ఎకరాల 38 గుంటలకు కాస్త పైన. యంత్రం అంకె సరిగానే చదివింది, కొలతే మార్చేసింది. తెలుగులో భూమి మాట రాగానే దాని వెంట ఎకరం రావడం దానికి అలవాటు. తెలియనిచోట ఆగకుండా, ఎక్కువసార్లు చూసిన మాటతో పూడ్చేస్తుంది. చదవడం రానివాడికి ఆ పూడిక కనపడదు, చిక్కంతా అదే.

ఇలా చెయ్యండి. చేతిరాత నకలు కాకుండా ప్రభుత్వ మహాభూమి సైటులో దొరికే డిజిటల్ సంతకమున్న నకలు తీసుకోండి, రుసుము 15 రూపాయలు. అచ్చు అక్షరాల్లో పొరపాట్లు బాగా తగ్గుతాయి. పేర్లు, ఖాతా నంబరు మీద కాగితం ముక్క పెట్టి ఫోటో తియ్యండి. మొదటే తెలుగులో చెప్పమనకండి. "ఉన్నది ఉన్నట్టు మరాఠీలోనే రాయి, చదవలేనిచోట చదవలేకపోయానని రాయి" అనండి. దాన్ని కాగితంతో పోల్చాక, ఒక్కో వరుసను తెలుగులో చెప్పించుకోండి, కొలతల్ని మార్చొద్దని చెప్పి మరీ. మరాఠీ అంకెలు పదే, ఒక్క పూటలో వచ్చేస్తాయి. అక్కడి నాలుగు మన కంటికి ఎనిమిదిలా, ఒకటి తొమ్మిదిలా కనపడతాయి, వాటిని ముందు పట్టుకోండి.

అనువాదం దారి తప్పే మాటలూ కొన్ని ఉన్నాయి. "పోట్‌ఖరాబా" అంటే సాగుకు పనికిరాని ముక్క. పోట్ అంటే మరాఠీలో పొట్ట కూడా, కాబట్టి కడుపు చెడిందని వస్తే కంగారు పడకండి. "భోగవట్‌దార్ వర్గ్-2" అని ఉంటే ఆ భూమి అమ్మడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. "ఇతర్ అధికార్" గడిలో బ్యాంకు బాకీ, కౌలు హక్కు లాంటివి ఉంటాయి. ఈ రెండు చోట్లా ఏఐ చెప్పింది పట్టుకుని సంతకం చెయ్యొద్దు. దాని సాయంతో ఏ ప్రశ్నలడగాలో రాసుకుని తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గరకు వెళ్లండి. చదువురానివాడిలా కూర్చోవడానికీ, "ఫేర్‌ఫార్ (హక్కు మార్పు నమోదు) నంబరు ఇది, ఈ గడిలో ఇలా ఎందుకుంది?" అని అడగడానికీ చాలా తేడా ఉంది. ఏఐ వల్ల మీకు ఒరిగే బలం అదే.

*

ప్రశ్న: మా అమ్మకి 70 దాటాయి, గ్లకోమా వల్ల చూపు చాలామట్టుకు పోయింది. తెలుగు, ఒడియా మెసేజీలు రెండూ వస్తాయి. ఎవరో ఒకరు చదివిపెట్టాల్సి వస్తోందని బాధపడుతుంది. దారేదైనా ఉందా?
– పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఆండ్రాయిడ్ ఫోనులో తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే టాక్‌బ్యాక్ ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, ముందు షార్ట్‌కట్ పెట్టండి. అప్పుడు రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. షార్ట్‌కట్ లేకుండా మొదలుపెట్టినవాళ్లు ఆపడం తెలియక ఫోను పాడైందనుకుంటారు. ఇది నడుస్తున్నప్పుడు ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది, జరపడానికి రెండు వేళ్లు కావాలి. తెలుగు గొంతు గూగుల్‌దే దించుకోవచ్చు. ఒడియాకు ఈస్పీక్ అనే యాప్ పనికొస్తుంది, రేకు డబ్బాలో మాట్లాడినట్టున్నా మాట అర్థమవుతుంది. వేగం తగ్గించి పెట్టండి. బ్యాంకు మెసేజీలు, ఓటీపీలు పైకి చదివేస్తుంది కాబట్టి ఒక చెవికి ఇయర్‌ఫోన్ అలవాటు చెయ్యండి. తెరను నల్లగా చేసే సదుపాయమూ ఉంది, పక్కవాళ్లకు ఏమీ కనపడదు.

మందుల విషయంలో మాత్రం కెమెరాను నమ్మొద్దు. మందు రేకు మీద వెలుతురు మెరిసి 5 కాస్తా 50 అయిపోవచ్చు. పొద్దుటి మందు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి మందుకు రెండు వెయ్యండి. ఇది ఏ చార్జింగూ అడగదు.

*

ప్రశ్న: మా చుట్టుపక్కల సవర గూడేల్లో ఏఐ కోసమని ఫోన్లో మాటలు రికార్డు చేయించుకుంటున్నారు, గంటకింత అని ఇస్తున్నారు. సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చిన మా తమ్ముణ్ణి మధ్యవర్తిగా పెట్టుకున్నారు. ఇది చెయ్యదగ్గ పనేనా?
– గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: చెయ్యదగ్గ పనే, సరిగా చేస్తే. ఆ మాటలు లేకపోతే రేపు ఆసుపత్రిలో, ఆఫీసులో మాట్లాడే యంత్రాలన్నిటికీ సవర తెలియని భాషగానే మిగులుతుంది. మీ ప్రాంతానికి ఇది కొత్తా కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల దగ్గరే సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఆయన తీసుకున్న మాటలు తిరిగి సవరల బడికే చేరాయి. ఇప్పుడూ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: ఈ గంటలన్నీ చివరికి ఎవరి దగ్గర ఉంటాయి, గూడేనికి కాపీ ఇస్తారా, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెడతారా, అమ్ముకుంటారా? జవాబు కాగితం మీద తీసుకోమనండి.

సమ్మతి సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో గానీ చదువుకునే వీలుండాలని రాశారు. సవర ఆ 22లో లేదు. అంటే సవరలో చెప్పమని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. ఆ బాధ్యత మీ తమ్ముడి మీదే పడుతుంది. ఫోను తెర మీద టిక్కు పెట్టించడం సమ్మతి కాదు. సవరలో నోటితో చెప్పి, వాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పాక, ఆ మాటనే రికార్డు చెయ్యాలి. ఒకసారి యంత్రానికి నేర్పించాక ఆ గొంతును అందులోంచి వెనక్కి తీయడం దాదాపు కుదరదని కూడా ముందే చెప్పాలి. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల ఒప్పుకోలు తప్పనిసరి.

కొన్నిటిని అసలు రికార్డు చెయ్యకూడదు. చనిపోయినవాళ్లను పలికించే తంతులు, పూజ మాటలు, వనమూలికల వాడకం. ఇవి ఒక్క మనిషి ఒప్పుకుంటే సరిపోయేవి కావు, గూడెం పెద్దలు కూర్చుని చెప్పాలి. సంత బేరాలు, పొలం పని, వంట, దారి చెప్పడం, జబ్బు చెప్పుకోవడం – వీటితోనే ఎన్నో గంటలు నిండుతాయి, పనికొచ్చేవీ ఇవే.

రాత దగ్గర జాగ్రత్త. సవరకు 1936లో మంగెయి గొమాంగో చేసిన సొంత లిపి ఉంది. తెలుగులో, ఒడియాలో, రోమన్‌లో రాసేవాళ్లూ ఉన్నారు. ఏదో ఒకటి ముందే తేల్చుకోవాలి, ఒక ఫైలు ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉంటే యంత్రానికి అవి రెండు వేరు మాటలే. సవరలో గొంతు దగ్గర టక్కున ఆగే శబ్దం ఒకటుంది. తెలుగు, ఒడియా అక్షరాల్లో దానికి చోటు లేదు. దానికో గుర్తు పెట్టుకోకపోతే రాసేవాడు వదిలేస్తాడు, యంత్రం ఎప్పటికీ నేర్చుకోదు.

ఇక డబ్బు. గంట మాటను వింటూ రాయడానికి చెయ్యి తిరిగినవాళ్లకే ఐదారు గంటలు పడుతుంది, సవరకు ఇంకా ఎక్కువే అవుతుంది. "గంటకింత" అన్నప్పుడు అది రికార్డింగు గంటా, పనిచేసిన గంటా అని మీ తమ్ముణ్ణి మొదటిరోజే అడగమనండి.