శ్రీకాకుళంలో పాత ఇంటి మరమ్మతుకు నమ్మకమైన కాంట్రాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలి?

కొత్తగా పూర్తిచేసిన ఇల్లు చూసి మురిసిపోకండి. రెండు మూడేళ్ల కిందట చేసిన బాత్రూం చూపించమనండి. తుఫాను వానలు దాటిన పనే అసలు సంగతి చెబుతుంది. టైల్స్‌ని నాణెంతో తట్టండి: డొల్ల చప్పుడు వస్తే కింద సిమెంటు నిండలేదు. బయటి గోడకు చెమ్మ మరకలున్నాయేమో చూడండి. సైటులో ఇసుక నాగావళిదైనా వంశధారదైనా, పిడికిట్లో పిసికితే చేతికి మట్టి అంటకూడదు.

చదరపు అడుగుకు ఇంతని నోటిమాట చాలదు. పాత టైల్స్ పగలగొట్టడం, రబ్బిష్ ఎత్తించడం, వాటర్‌ప్రూఫింగ్ ఎవరి ఖర్చో రాయించుకోండి. గొడవలు ఎక్కువగా ఆ రబ్బిష్ దగ్గరే మొదలవుతాయి. అడ్వాన్సు 10 శాతం దాటనివ్వకండి, మిగతాది పని జరిగిన మేరకే. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందే బాత్రూంలో నీళ్లు కట్టి 24 గంటలు ఉంచడానికి ఒప్పుకోనివాడికి పని ఇవ్వకండి.