వరుసగా 20 టాసులు ఓడటం కాకతాళీయమేనా?

2023 ప్రపంచకప్ ఫైనల్ మొదలుకొని భారత్ వన్డేల్లో వరుసగా 20 టాసులు ఓడింది. నాణెం లెక్కన దీనికి అవకాశం 10,48,576లో ఒకటి. భయపెట్టే అంకే గానీ, ఇక్కడ పనికిరాదు. ఆ 20 మ్యాచులను ముందుగా ఎంచుకోలేదు కదా, ఓటములు పేరుకున్నాకే లెక్క మొదలుపెట్టాం. తాటిపండు రాలాక కాకిని వెతికినట్టు!

అప్పటికి 4,900కు పైగా వన్డేలు జరిగాయి, ఒక్కోదానిలో రెండు జట్లు. ఏ జట్టు ఎప్పుడు వరుసగా 20 ఓడినా, గెలిచినా ఇలాగే ఆశ్చర్యపోయేవాళ్లం. అవన్నీ కలిపితే అవకాశం సుమారు వందలో ఒకటి. టెస్టులు, టీ20లు చేరిస్తే ఇంకా పెరుగుతుంది. అరుదే, కానీ నాణేన్ని శంకించేంత కాదు.

అయినా అనుమానం తీరకపోతే, పాతవి వదిలేసి తర్వాతి టాసులే లెక్కించాలి. 2025 డిసెంబరు 6న విశాఖలో 21వది భారత్ గెలిచింది.