కోటింగ్ పోలేదండీ, అది బోరు నీళ్ల మచ్చ

విజయవాడ పటమటలో ఉండే మీరు, మీ నల్ల కారుకు నాలుగు నెలల కిందట సిరామిక్ కోటింగ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక పూత) వేయించానని, ఇప్పుడు బానెట్ నిండా తెల్ల చుక్కలు పడి షాంపూకి కూడా పోవట్లేదని రాశారు. డబ్బు దండగైందని బాధపడకండి. రోజూ బోరు నీళ్లతో కడిగి ఎండలోనే ఆరబెడుతున్నానని మీరే అన్నారు కదా, అసలు సంగతి అక్కడే ఉంది.

కోటింగ్ మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి. మన ఎండకు ఆ చుక్క ఆవిరైపోతే అందులోని కాల్షియం, మెగ్నీషియం అక్కడే గట్టిపడతాయి. అంటే మచ్చ కోటింగ్ పైన కూర్చుంది, ఇంకా లోపలికి దిగకపోయి ఉండొచ్చు.

సాయంత్రం రేకు చల్లబడ్డాక తెల్ల వెనిగర్, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ తడిపి మచ్చ మీద ఒక్క నిమిషం ఉంచండి. ఆరనివ్వకుండా బాగా కడిగేయండి. గట్టిగా రుద్దొద్దు. ముందు ఓ మూల చిన్నచోట చేసి చూడండి.

దీనికీ పోకపోతే మచ్చ లోపలికి తిని ఉండొచ్చు, పాలిష్ అవసరం పడొచ్చు. కానీ పాలిష్ చేస్తే కోటింగూ లేచిపోతుంది. నా కారుకు ఒక షాపులో అడగకుండానే కాంపౌండ్ (పైపొరను అరగదీసే పాలిష్ పేస్టు) కొట్టేశారు, కోటింగ్ పోయి మళ్లీ మొత్తం వేయించాల్సొచ్చింది. అందుకే ఆటోనగర్‌లోని కార్ల షాపులకు పరుగెత్తే ముందు వెనిగర్ ప్రయత్నించండి.

ఇకనుంచి తెల్లవారుజామునే కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. ఆఖరి బకెట్టు బోరువి కాకుండా మున్సిపల్ కుళాయి నీళ్లయితే ఇంకా మేలు.