నడుము నొప్పి: పాత 5 కిలోమీటర్ల నడక మళ్ళీ ఎలా?

నడుము నొప్పి వచ్చాక, మునుపటిలా 5 కిలోమీటర్లు మళ్ళీ ఎలా నడవాలని అడిగారు. ఇక్కడ ఇబ్బంది నడుము కన్నా ఆ 5 కిలోమీటర్ల టార్గెట్‌తోనే అనిపిస్తోంది, నొప్పి తక్కువున్న రోజు మొత్తం నడిచేసి తర్వాత రెండ్రోజులు మంచం మీద ఉంటున్నానని మీరే రాశారు కదా.

1. ఆ నడక అసలు ఎందుకు కావాలో రాస్కోండి. ఫ్రెండ్‌తో కబుర్లకా, ఇంట్లోంచి కాసేపు బయటపడ్డానికా? అదైతే దూరం తగ్గినా, మధ్యలో బెంచీ మీద కూర్చున్నా దొరుకుతుంది. చాలామంది ఈ స్టెప్పే వదిలేస్తారు, టార్గెట్ మార్చుకుంటే ఓడిపోయినట్టని (నేనూ ఏడాది అలాగే మొండికేశా).

2. బాగోలేని రోజు ఎన్ని నిమిషాలు నడవగలరో చూడండి. 10 అయితే 8తో మొదలెట్టండి.

3. బాగున్న రోజు కూడా 8కే ఆపాలి, టైమర్ పెట్టుకోండి, ఒళ్ళు ఇంకాస్త అంటుంది, వినొద్దు. వారం నిలకడగా ఉంటే ఒక్క నిమిషం పెంచండి.

కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళండి.