పాట రికార్డింగ్‌కు ఎలాంటి సౌండ్ కార్డు కొనాలి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇంట్లో పిల్లలకు సంగీతం నేర్పుతున్నాను, దూరప్రాంతాల వారికి ల్యాప్‌టాప్‌లో పాఠాలు చెబుతున్నాను. పాడి రికార్డు చేస్తే వెనక బుస్సుమనే చప్పుడు వినిపిస్తోంది. బయట తగిలించే సౌండ్ కార్డు కొనమని తెలిసినవారు చెప్పారు. వాటి ధర వందల రూపాయల నుంచి వేల దాకా ఉంది. దేన్ని ఎంచుకోవాలి?

జవాబు: కొనడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. చార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే నడుపుతూ ఒక నిమిషం రికార్డు చేసి వినండి. చప్పుడు మాయమైతే తప్పు చార్జర్‌లోనో, ఇంటి ఎర్తింగ్‌లోనో ఉందని అర్థం; అప్పుడు ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా అదే చప్పుడు మళ్లీ వినిపించవచ్చు. బ్యాటరీ మీద కూడా బుస్సుమంటుంటే, మదర్‌బోర్డు మీద ఇతర సర్క్యూట్ల మధ్య ఇరుక్కుని పనిచేసే లోపలి సౌండ్ చిప్, ల్యాప్‌టాప్ చిన్న మైకు, దాని ఫ్యాన్ కలిసి చేస్తున్న పని అది. ఈ సందర్భంలో బయటి కార్డు, దానికి తగిన మైకు నిజంగా ఉపయోగపడతాయి.

కార్డును ఎంచుకోవాల్సింది పెట్టె మీద ముద్రించిన అంకెలను బట్టి కాదు, దానికి మీరు తగిలించబోయే మైకును బట్టి. వందల రూపాయల్లో దొరికే, పెన్‌డ్రైవ్‌లా కనిపించే యూఎస్‌బీ కార్డు పాటలు వినడానికి, ఫోన్‌లో మాట్లాడినట్టు మాట్లాడడానికి సరిపోతుంది. దాని మీద 7.1 అని రాసి ఉన్నా, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి బయటికి వచ్చేది ఎడమ, కుడి అనే రెండు చానెళ్లే. సంగీతం రికార్డు చేసేవారు వాడే కండెన్సర్ మైకుకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ద్వారా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి, ఆ చిన్న కార్డు దాన్ని ఇవ్వలేదు. గుళ్లలో, సభల్లో చేతపట్టుకుని పాడే డైనమిక్ మైకుకు ఆ కరెంటు అవసరం లేదు గానీ, దాని నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది కాబట్టి దాన్ని శుభ్రంగా పెంచే మంచి ప్రీయాంప్ కావాలి. ఈ రెండు సౌకర్యాలూ ఉన్న పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు, మీకు కావలసింది అదే.

ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెహ్రింగర్ యూఎంసీ22 వంటివి ఒక మైకు కోసం చేసినవి. రంధ్రాలు రెండు కనిపించినా రెండోది వాద్యానికో, లైన్ సిగ్నల్‌కో (ఇతర ఎలక్ట్రానిక్ పరికరాల నుంచి నేరుగా వచ్చే, మైకు కంటే బలమైన సిగ్నల్) ఉద్దేశించింది, మైకుకు కాదు. ఇది గమనించకుండా కొని, తర్వాత బాధపడేవారున్నారు. మీరు ఒక్కరే పాడుతూ, ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెకు లైన్ అవుట్ ఉంటే దాన్ని ఆ రెండో రంధ్రంలోకి పంపితే చాలు. గాత్రానికి ఒకటి, వయొలిన్‌కో మృదంగానికో మరొకటి చొప్పున రెండు మైకులు పెట్టాలనుకుంటే మాత్రం స్కార్లెట్ 2ఐ2, యూఎంసీ202హెచ్‌డీ వంటి రెండు మైకుల ఇంటర్‌ఫేస్‌కే వెళ్లండి.

సెకనుకు ధ్వనిని ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పే 192 కిలోహెర్ట్జ్ అనే అంకె కోసం అదనంగా ఖర్చు పెట్టవద్దని నా సలహా. సీడీ నాణ్యత 16 బిట్లు (ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెప్పేది బిట్ల సంఖ్య), 44.1 కిలోహెర్ట్జ్, పాఠాలకు, వీడియోలకు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పుష్కలం. దానికంటే ముఖ్యమైనది డైరెక్ట్ మానిటర్ అనే మీట. మీ గొంతు ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి తిరిగి హెడ్‌ఫోన్‌కు వచ్చేసరికి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల (కొలతల) బఫర్, అంటే ల్యాప్‌టాప్ ఒక్కోసారి పోగుచేసుకునే ధ్వని ముక్క, ఒక్కటే 5 మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటుంది, రానూ పోనూ కలిపితే అది ఇంకా పెరుగుతుంది. తాళం పట్టి పాడేవారికి ఇది ఇబ్బంది. ఆ మీట వేస్తే మీ గొంతు ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది.

కార్డు తీర్చలేని సమస్యలు రెండున్నాయి. మన కడప జిల్లా ఇళ్లలో నాపరాళ్ల నేల, ఖాళీ గోడలు ధ్వనిని తిప్పికొడతాయి కాబట్టి గది గింగురుమంటుంది. నేల మీద జంపఖానా పరిచి, ఎదుటి గోడకు మందపాటి బొంత వేలాడదీసి, మైకును నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది. రెండోది, ఆన్‌లైన్ పాఠాల్లో ఎడతెగకుండా మోగే తంబుర నాదాన్ని సాఫ్ట్‌వేర్ ఫ్యాన్ చప్పుడుగా భావించి అణిచేస్తుంది, దానితో శిష్యులకు శ్రుతి వినపడదు. జూమ్‌లో ఆడియో సెట్టింగుల్లోకి వెళ్లి ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్’ ఆన్ చేసుకోండి. ఇది తెలియక ఎంతోమంది గురువులు మైకులు మార్చుకుంటున్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ పాడైంది. నాకూ ఇంటర్‌ఫేస్ కావాలా?

జవాబు: అవసరం లేదు, మీకు ఆ చిన్న యూఎస్‌బీ కార్డే చాలు. మీ హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్లని గీతలుంటే మైకు, హెడ్‌ఫోన్ రెండూ ఒకే రంధ్రంలో పనిచేసే కార్డు అడిగి తీసుకోండి. రెండు రంధ్రాలు వేర్వేరుగా ఉన్న కార్డయితే, ఒకే పిన్నును మైకుకు, హెడ్‌ఫోన్‌కు రెండుగా విడదీసే స్ప్లిటర్ కూడా కొనాల్సి వస్తుంది.