పొల్లంటే తాలేనా?

సందేహం: బైబిల్లోని మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో, మోషే ధర్మశాస్త్రంలోంచి “ఒక పొల్లయినను ఒక సున్నయైనను తప్పిపోదు” అని ఉంది. పొల్లంటే తాలు, సున్నంటే ఏమీ లేనిది. పోయినా నష్టం లేనివాటి గురించి అంత గట్టిగా చెప్పడమేమిటి? ఇంత మారిపోయిన లోకంలో ఈ మాటకు ఇంకా విలువ ఉందా?

సమాధానం: మీరు చెప్పిన అర్థాలు ఉన్నవే, కానీ ఇక్కడ పనికొచ్చేవి అవి కావు. “ఆయన మాట పొల్లుపోదు” అన్నప్పుడైతే మీరన్న తాలే, వట్టిదైపోదు అని. ఈ వాక్యంలో మాత్రం రెండూ రాతకు సంబంధించిన మాటలు. అచ్చు లేని హల్లు పొల్లు, అక్షరం పక్కన పెట్టే బిందువు సున్న. (గింజ లేని వడ్లనూ అచ్చు లేని హల్లునూ ఒకే మాటతో పిలవడం నాకెంతో నచ్చుతుంది.) చూడ్డానికి చిన్నవే గానీ ‘బస్’లో పొల్లు పోతే ‘బస’ అవుతుంది, ‘పండు’లో సున్న పోతే ‘పడు’ అవుతుంది.

అసలు గ్రీకు మూలంలో పొల్లూ లేదు, సున్నా లేదు. అక్కడున్నవి ‘ఇయోటా’, ‘కెరాయియా’. ఇయోటా గ్రీకులో అతి చిన్న అక్షరం, ధర్మశాస్త్రం రాసిన హీబ్రూలో ‘యోద్’ లాగా. కెరాయియా అంటే కొమ్ము, అంటే అక్షరానికి ఉండే చిన్న మొన. హీబ్రూలో దాలెత్, రేష్ అక్షరాలకు తేడా తెలిసేది అలాంటి మొన వల్లే. తెలుగు చేసినవాళ్లు ఆ పేర్లనే దించేసి ఉంటే చదివేవాళ్లకు ఏం అర్థమయ్యేది? మన రాతలో అంత చిన్నవి ఏవా అని వెతికి పెట్టారు. అక్షరం కూడా పోదని చెప్పే వాక్యం తన అక్షరాలన్నీ మార్చుకుని మన దాకా వచ్చింది, వచ్చి కూడా చెప్పాల్సింది చెబుతూనే ఉంది. మీ రెండో ప్రశ్నకు నా జవాబు అదే.

అలాగని రాతను ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. 1947లో మృత సముద్రం దగ్గర గుహలో బయటపడిన యెషయా గ్రంథపు చుట్టలో, నలభయ్యో అధ్యాయం దగ్గర, “గడ్డి యెండిపోవును” అన్న మాట వెంటవెంటనే రెండుసార్లు రావడంతో రాసినాయన కన్ను మొదటిదాన్నుంచి రెండోదానికి జారి మధ్యలో మాటలు పోయాయి. తర్వాత ఇంకో చెయ్యి వాటిని వరసల మధ్యా అంచులోనూ ఇరికించి రాసింది. “మన దేవుని వాక్యము నిత్యము నిలుచును” అనే చోటే ఇది జరగడం చూస్తే ఆ రెండో ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈనాటి పాఠకుడికి నిజంగా చిక్కు తెచ్చేది ‘తప్పిపోదు’. ఇప్పుడు తప్పిపోవడమంటే జనంలో దారి తెలియకుండా పోవడం. ఇదే వాక్యంలో ఆకాశమూ భూమీ గతించడం గురించి కూడా ఉంది. గ్రీకులో ఆ గతించడానికీ, పొల్లు తప్పిపోవడానికీ ఒకే క్రియ ఉంది, తెలుగులో అది రెండయింది. మత్తయి ఇరవై నాలుగో అధ్యాయంలో మాత్రం “ఆకాశమును భూమియు గతించును గాని నా మాటలు ఏ మాత్రమును గతింపవు” అని ఒకే క్రియను నిలిపారు, అక్కడ వాక్యం ఎంత బలంగా ఉందో చూడండి. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు ‘తప్పిపోదు’ దగ్గర ఆగి, ‘లేకుండా పోదు’ అని చెప్పండి.